పెట్టె మూసే ముందు

ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చిన మొదటి రెండేళ్లలో నాతో మాట్లాడిన మనుషుల కంటే నేను ఫోటో తీసిన గోడలే ఎక్కువ. ఆదివారం చర్చి అయిపోగానే కెమెరా మెడలో వేసుకుని నడక మొదలుపెట్టేవాణ్ణి. మోండా మార్కెట్ వెనక సందులు, పాత ఇళ్ల చెక్క బాల్కనీలు, కమానులు, చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట్ మెట్లబావి. ఫ్రేములోకి మనిషి వస్తే తప్పుకునేదాకా ఆగేవాణ్ణి. ఆఫీసులో నన్ను గోడల ఫోటోగ్రాఫరని ఏడిపించేవారు. ఏడిపించనీ, ఆ పేరుతోనైనా పలకరిస్తున్నారు కదా అనుకునేవాణ్ణి. గుంటూరు దగ్గర మా ఊరి నుంచి అమ్మ, స్నేహితులు దొరికారా అని ఉత్తరం రాస్తే, దొరికారని జవాబు రాశాను. అబద్ధం.

ఒక ఆదివారం బన్సీలాల్‌పేట్‌లో ఓ పాత ఇంటి ద్వారం మీద చెక్కిన రాతి పూలను తీస్తుంటే రీలు అయిపోయింది. అప్పుడు చూశాను, ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి, లోపల ఎవరో సన్నగా కీర్తన పాడుతున్నారు. చావు ఇల్లు. సిగ్గుపడి వెనక్కి తిరిగేలోపే ఒకావిడ బయటికి వచ్చింది. పోయింది వాళ్లమ్మ అట. రమ్మన్న ఫోటోగ్రాఫరు రాలేదనీ, పాస్టరుగారు తొందరపడుతున్నారనీ, ఒక్క ఫోటో తీసిపెట్టమనీ అడిగింది. మా క్రైస్తవుల ఇళ్లల్లో ఇది ఉన్నదే. పెట్టె మూసే ముందు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ నిలబడి ఫోటో దిగుతారు. మా తాతయ్యది కూడా అలాంటిది ఒకటి మా ఇంట్లో ఉంది.

గుమ్మంలోనే నిలబడి గబగబా కొత్త రీలు వేశాను.

లోపల పెట్టె తల వైపు పోయినావిడ భర్త నిలబడి ఉన్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. రెండు కళ్లల్లోనూ శుక్లాలు, వచ్చే నెలలో ఆపరేషన్ అని కూతురు చెప్పింది. భార్య ఫోటో అంటూ ఇంట్లో మిగిలింది పెళ్లినాటిది ఒక్కటే, అదీ చెమ్మ పట్టి పాడైంది. ఆయన తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"మంచిగ తియ్యి బిడ్డా. ఇప్పుడు నాకు ముఖం మబ్బుమబ్బుగ కనబడుతున్నది. ఆపరేషన్ అయినంక ఫోటోల చూస్కుంటా."

నేను మహా పనిమంతుడిలా పొడుగువాళ్లను వెనక్కి జరిపాను, కిటికీ రెక్క తెరిపించాను, ఆరు ఫోటోలు తీశాను. సమాధుల తోట దాకా వాళ్లతో నడిచాను. తిరిగొచ్చాక కూతురు నాకు కూడా ఆకు వేసింది, ప్రతి ఆదివారం వచ్చి పొమ్మంది. ఆ ఊళ్లో ఒక ఇంట్లో కూర్చుని నేను తిన్న మొదటి భోజనం అదే. చావు ఇంట్లో సంతోషపడ్డానని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే, కానీ పడ్డాను.

పద్మారావు నగర్‌లో స్టూడియో ఆయన రీలు కడిగి, వెలుతురుకు ఎత్తి చూపించాడు. గాజులా ఉంది, ఒక్క బొమ్మా లేదు. తొందరలో ఫిల్ము కొస కెమెరా లోపలి చక్రం పళ్లకు తగులుకోలేదు. లివరు తిప్పినప్పుడల్లా పైన అంకె మారుతూనే ఉంటుంది, లోపల ఫిల్ము మాత్రం కదలదు. ఫిల్ముతో పాటు తిరగాల్సిన ఎడమ పక్క గుబ్బ తిరుగుతోందా అని ఒక్కసారి చూసుకుంటే తెలిసిపోయేది. రీలు వేయడం నేర్చుకున్న రోజు మొట్టమొదట చెప్పేది అదే.

ఆ తర్వాత ఆ వీధి ముఖం చూడలేదు. ఆదివారాలు కార్ఖానా అనే పేట వైపు తిరిగాను. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆకు వేయలేదు. రెండు నెలలు గడిచాక ఉండబట్టలేక వెళ్లాను.

ముసలాయన ఒక్కడే వసారాలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. గొంతు విని గుర్తుపట్టాడు. అద్దాలు తీసి నన్ను తేరిపార చూసి, ఇంత చిన్నోడివనుకోలేదన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"పోనీ తియ్యి. నువ్వు గా కెమెరాలకెళ్లి చూసినవ్ గదా. ఇంట్లోల్లను అడిగితే ఏడుస్తరు. ఎట్లుండె మా ఆమె? నువ్వన్న చెప్పు."

గుర్తు తెచ్చుకోబోయాను. పెట్టె ఇత్తడి పిడుల మీద మెరుపు గుర్తుంది. తెల్లగుడ్డ అంచున అల్లిక గుర్తుంది. ఫ్రేము అంచున తెగిపోతున్న ఒక పొడుగుమనిషి భుజం గుర్తుంది. ఆమె ముఖం గుర్తు లేదు. ఆరుసార్లు ఆమె వైపే కెమెరా పెట్టి, వెలుతురు చూసుకున్నాను తప్ప ఆమెను చూడలేదు.

"నిద్రపోతున్నట్టు ఉన్నారు తాతగారూ" అన్నాను.

ఆయన నల్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"అందరు గదే అంటున్నరు బిడ్డా. నువ్వు జెర మంచిగ చూసినవేమో అనుకున్న."