ఫినాయిల్ మీదికి తోసిన తప్పు

ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు తొందరపడడం. రెండోది, ఆ తొందర వల్ల జరిగినదాన్ని ఇంకొకరి మీదికి తొయ్యడం. మొదటిది ఈ పనిలో ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకసారి చేస్తాడు. రెండోది మాత్రం నా సొంతం.

నేను రిటైరవడానికి కొంతకాలం ముందు, ఒక మే నెల. మాదాపూర్‌లో ఆఫీసులకీ ఇళ్లకీ అక్వేరియంలు అమర్చి, నెలనెలా శుభ్రం చేసిపెట్టే చిన్న సంస్థలో సూపర్‌వైజర్‌ని. మా దగ్గర హెల్పర్ ట్యాంకు కడుగుతాడు, టెక్నీషియన్ నీళ్లూ చేపలూ చూస్తాడు, సూపర్‌వైజర్ ఫిర్యాదులు వింటాడు. ఆ హోదాలోకి వచ్చాక నా చేతులు తడవడం మానేశాయి. ఆ రోజు టెక్నీషియన్ సెలవు పెట్టడంతో, నల్లగండ్లలో శైలజ గారి ఫ్లాట్‌కి కొత్త గప్పీ చేపలనీ నత్తలనీ నేనే పట్టుకెళ్లాను. అక్కణ్ణుంచి హైటెక్ సిటీలో ఒక కంపెనీ రిసెప్షన్‌లోని పెద్ద ట్యాంకు చూడాలి. మనసంతా దాని మీదే ఉంది.

కొత్త చేపల్ని ట్యాంకులోకి వదలడానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా ఇంటివాళ్లని, ఈ మధ్య నీళ్లు ఏమైనా మారాయా అని అడగాలి. తర్వాత కవరుని అలాగే ట్యాంకు నీళ్ల మీద తేలనిచ్చి రెండింటి వేడీ సమానం కానివ్వాలి. ఆపైన చేపల్ని కవరు నీళ్లతో సహా బకెట్లోకి మార్చి, సన్నటి గొట్టానికి ముడి వేసి, ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా అందులో పడేలా పెట్టాలి. నీళ్లలో ఉప్పుల శాతం ఒక్కసారిగా మారితే చేప తట్టుకోలేదు. నత్తకైతే ఇంకా నిదానం కావాలి. నేను కవర్లు కాసేపు తేలనిచ్చి, చేపల్ని వలతో తీసి నేరుగా ట్యాంకులోకి వదిలేశాను. నత్తల్నీ అంతే. అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

నేను సామాను సర్దుకునేలోపే గప్పీలు అడుగున పక్కకి ఒరిగాయి. నత్తలు మూతలు బిగించుకుని రాళ్లలా పడి ఉన్నాయి.

శైలజ గారిది కర్నూలు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్, ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నారు. కాల్ మధ్యలో హెడ్‌ఫోన్ తీసి వచ్చి, "ఏంటన్నా, ఇట్ల పడిపోయినాయి?" అని అడిగారు. ఆమె ఇంట్లో పనిచేసే యాదమ్మ అదే గదిలో బండలు తుడుస్తోంది. బకెట్‌లోంచి ఫినాయిల్ వాసన. నాకు దారి దొరికింది. "బండలు తుడిచిన చేత్తో ఎవరైనా ట్యాంకు ముట్టుకున్నారా మేడమ్?" అన్నాను. ప్రశ్నలాగే అడిగాను కానీ అది ప్రశ్న కాదు.

యాదమ్మ తుడిచే గుడ్డ పక్కన పెట్టి లేచింది. "నేనా? గా డబ్బ దిక్కు నేను సూడనన్న సూడలే మేడమ్. పోసింది సారు, ముంచింది సారు, ఇగ పేరు నాదా?"

మాటకి మాట పెరిగింది. శైలజ గారు రేపట్నుంచి రావద్దన్నారు. అక్కడితో ఆగలేదు. ఆ అపార్ట్‌మెంట్‌లో పనివాళ్ల రాకపోకలన్నీ గేటు యాప్‌లోనే. ఆమె ఫోన్ తీసి యాదమ్మకి ఒక్క స్టార్ ఇచ్చి, చేపల ట్యాంకు పాడుచేసిందని రాశారు. యాదమ్మ బోరబండ నుంచి లోకల్ రైలెక్కి వచ్చి అదే టవర్‌లో ఇంకో రెండిళ్లలో కూడా పని చేస్తుంది. ఆ మాట ఆ ఇళ్లవాళ్లకీ కనబడుతుంది. యాదమ్మ బకెట్ బాత్‌రూమ్‌లో పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

నా మాటకి రుజువు ఉంటే బాగుంటుందనిపించి ట్యాంకు నీళ్లు పరీక్ష గొట్టంలోకి తీశాను. నీళ్లలో సున్నం ఎంతుందో చెప్పే మందు అందులో వేశాను. మామూలుగా చాలా చుక్కలు పడితే గానీ రంగు మారదు. మొదటి చుక్కకే మారిపోయింది. ఆ నీళ్లలో సున్నం ఏమీ లేదు. సున్నం ఎక్కువుండే మా షాపు బోరు నీళ్లలో పెరిగిన గప్పీలు వాటిలో ఎలా నిలబడతాయి? అప్పుడడిగాను, నీళ్లు మార్చారా అని.

"ట్యాంకర్ నీళ్లకి అద్దమంతా తెల్లగా మరకలు పడతాంటే, ఎండాకాలం మొదలైనప్పట్నుంచీ ప్యూరిఫయర్ నీళ్లే పోస్తాన్నా. మేం తాగేదే కదన్నా, వాటికీ మంచిదే అనుకున్నా" అన్నారామె.

ప్యూరిఫయర్ నీళ్లలోని ఉప్పుల్ని కూడా తీసేస్తుంది. మా నగరంలో వేసవి వస్తే చాలా ఇళ్లలో జరిగేదే. అడిగుంటే తలుపు దగ్గరే తెలిసేది. చెప్పకుండా బయటపడొచ్చు కూడా. యాదమ్మ అప్పటికే లిఫ్టు దిగిపోయింది. కానీ గొట్టంలో ఆ రంగు చూస్తూ నోరు మూసుకోలేకపోయాను. తప్పు నాదని చెప్పి, ముందు గేటుకి ఫోన్ చేసి యాదమ్మని ఆపమన్నాను.

బండిలో షాపు నీళ్ల క్యాన్ ఉంది. చేపల్నీ నత్తల్నీ ఆ నీళ్లలోకి మార్చి, గొట్టానికి ముడి వేసి, ఈసారి పద్ధతిగా కూర్చున్నాను. రిసెప్షన్ ట్యాంకుకి ఆ రోజు వెళ్లలేదు. ఎండ వాలేసరికి ఒక నత్త మూత కదిలి, మీసాలు బయటికొచ్చాయి. కాసేపటికి గప్పీలు లేచి తోకలు ఊపాయి. ఒక్కటీ పోలేదు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డ యాదమ్మ, "బతికినయా? అయితే నేను గూడ బతికినట్టే" అంది. శైలజ గారు ఆమెకి సారీ చెప్పి, యాప్‌లో రాసింది తీసేశారు.

నేర్చుకున్నది చిన్నదే. చేప పడిపోయినప్పుడు ముందు చూడాల్సింది నీళ్లనీ నన్నూ. గదిలో ఇంకెవరున్నారని కాదు. మర్నాడు మా యజమానికి జరిగింది జరిగినట్టు చెప్పి మెమో తీసుకున్నాను. అప్పట్నుంచి నీళ్ల సంగతి అడగకుండా మా వాళ్లెవరూ కవరు విప్పకూడదని నియమం పెట్టాను.

కానీ యాప్‌లో తీసేసిన మాటని మిగతా రెండిళ్లవాళ్లు అప్పటికే చదివేశారు. అందుకని ఆ వారంలో యాదమ్మతో పాటు వాళ్ల దగ్గరికి వెళ్లాను. మొదటి ఇంట్లో నా తప్పు చెప్పి, క్షమించమని అడిగి బయటికొచ్చాక ఆమె నవ్వింది. "ఈడికి సాలు సారూ. పై ఇంట్ల పెద్దమ్మకు చేపలంటెనే తెల్వదు. మల్ల మొదటి సంది జెప్పాలె."

పై ఇంటికి వెళ్లి, మొదటి నుంచి చెప్పాను.