తలుపు కింద చెక్కముక్క

పొద్దున పదకొండు కావొస్తోంది. సన్నగా ముసురు పడుతోంది. ఇంట్లో ఏమీ తినకుండా వచ్చానేమో, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. బడిలో విరిగిన బల్లలు, ఊడిన కిటికీలు బాగుచేసే పని నాది. ఆ రోజు పెద్దసారు చెప్పిన పని, లైబ్రరీ తలుపుకి బయట గడియ బిగించడం.

అప్పటిదాకా ఆ తలుపు పగలు మూసింది లేదు. లైబ్రరీ అక్క రాగానే బార్లా తెరిచి, గాలికి కొట్టుకోకుండా కింద ఒక చెక్కముక్క దూర్చేది. అది నేను చెక్కి ఇచ్చిందే. ఏ తరగతి పిల్లలైనా ఎప్పుడైనా రావచ్చు. పాఠం మధ్యలో అనుమానం వస్తే టీచరమ్మలు ఇద్దరిని పంపేవాళ్లు. వాళ్లు ఒగరుస్తూ వచ్చేవాళ్లు.

"మేడం, తిమింగలానికి పళ్లుంటాయా?"

"నన్నడుగుతారేంట్రా! నేనేమైనా దాని నోట్లో చెయ్యి పెట్టి చూశానా? ఆ కింది అరలో వెతకండి."

మొగుడు పోయాక అక్క తమ్ముడింట్లో ఉండేది. "అక్కడ నాకో మూల, ఇక్కడ గదంతా నాదే" అని నవ్వేది. చిరిగిన పుస్తకాలు అతికీ అతికీ వేళ్ల మీద జిగురు ఎండిపోయి ఉండేది. మాట్లాడుతూనే దాన్ని పొరలు పొరలుగా ఊడదీసుకునేది.

ఆమెకి ఒకటే దిగులు. నాలుగో తరగతి పిల్లలు గడప తొక్కేవాళ్లు కాదు. కుళాయి దగ్గరికి పోతూ తొంగి చూసి పోవడమే. వాళ్ల మాస్టారు పంపితేగా!

"ఒక్కసారి పంపండి మాస్టారూ."

"పంపుతానమ్మా, పాఠాలన్నీ అయ్యాక."

"ఎప్పటికవుతాయండీ?"

"సెలవులిచ్చాక!" అని ఆయనే పకపకా నవ్వేవాడు.

అక్క చూసి చూసి పెద్దసారు దగ్గరికి వెళ్లింది. ప్రతి తరగతికీ వారానికో పీరియడ్ రాసి పెట్టమంది, అప్పుడైనా ఆ పిల్లలు వస్తారని. పెద్దసారు వెంటనే సరేనన్నాడు. మర్నాడు టైంటేబుల్ గోడకెక్కింది. ఎవరి పీరియడ్‌లో వాళ్లే రావాలి. మిగతా వేళల్లో లైబ్రరీ మూసి, రాని టీచర్ల తరగతుల్లో అక్క కూర్చోవాలి. అందుకే ఈ గడియ.

నేను మరలు తిప్పుతుంటే అక్క పక్కనే నిలబడింది.

"ఇదేం బుద్ధక్కా పెద్దసారుకి?"

"అడిగింది నేనే తమ్ముడూ. ఒక పీరియడ్ ఇమ్మన్నాను. మిగతావన్నీ లాక్కోమనలేదు." గడియని వేలితో కదిపి చూసి, "గట్టిగా బిగించు. ఊడితే మళ్లీ నిన్నే తిడతారు" అంది.

తమ పీరియడ్ రోజున నాలుగో తరగతి వచ్చింది, వరసగా. మాస్టారు వాళ్లని గుమ్మంలో వదిలేసి టీకి పోయాడు. ఆ పూట అక్క ముఖం చూడాలి! అందులో ఒక పిల్ల పుస్తకం తీసుకెళ్లి, మర్నాటికే చదివేసి పరిగెత్తుకొచ్చింది. తలుపుకి గడియ. అక్క వేరే తరగతిలో కూర్చోడానికి పోతోంది.

"అయిపోయింది మేడం. దీని తర్వాతది ఇవ్వరా?"

"మీ పీరియడ్‌కి రావే తల్లీ, వచ్చే వారం."

"అప్పటికి నేను మొదటిది మర్చిపోతాను కదా!"

అక్క ఆ రోజే మళ్లీ పెద్దసారు గదికి వెళ్లింది. నేను కిటికీ రెక్క సరిచేస్తూ అక్కడే ఉన్నాను.

"పాతలాగే తెరిచి ఉంచుదాం సార్. ఆ ఒక్క పీరియడూ ఉండనివ్వండి, మిగతా వేళల్లో ఎవరికి కావాలంటే వాళ్లు వస్తారు."

"మీరడిగితేనే కదమ్మా పెట్టాను! పూటకోసారి మార్చడానికి అది టైంటేబులా, గాలిపటమా?"

టీచర్లూ ఆమె పక్కన నిలబడలేదు. పిల్లలు లైబ్రరీలో ఉన్నంతసేపు వాళ్లకి కాస్త నడుం వాల్చే వీలు దొరికింది మరి. పాఠం మధ్యలో పిల్లల్ని పంపడం మానేశారు. తిమింగలం పళ్ల సంగతి వచ్చే వారం చూద్దామనేవాళ్లు. వచ్చే వారానికి అది ఎవరికీ గుర్తుండేది కాదు.

"ఒక్క తరగతి కోసం బడి మొత్తానికి గడియ పెట్టించాను తమ్ముడూ" అంది అక్క ఒకసారి. నేను సుత్తి తీసుకుని లేచాను. ఆమె వేళ్ల మీద జిగురు కూడా కనిపించడం మానేసింది.

ఇంకో రోజు నేను వరండాలో కుర్చీ కాలు బిగిస్తున్నాను. అక్క వచ్చి గడియ తీసింది. తలుపు బార్లా తెరిచి కింద చెక్కముక్క దూర్చింది. దాన్ని చూసి ఎన్నాళ్లయిందో! పలకరిద్దామనుకునేలోగా సంచి భుజాన వేసుకుని, నా పక్కనుంచే గేటు దాటి పోయింది. టీకి కాబోలు అనుకున్నాను. అక్క మళ్లీ బడికి రాలేదు.

ఆమె వెళ్లిన రోజే, ఇంటర్వెల్‌లో ఆ నాలుగో తరగతి పిల్ల గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"లోపలికెళ్లమ్మా, తెరిచే ఉందిగా" అన్నాను.

"ఇవాళ మా రోజు కాదు అంకుల్" అంది.