ముప్పై ఆరు క్లిక్కులు

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, దేన్నైనా కాగితం మీద గడులు గీసి రాసేస్తే అది సగం లొంగిపోయినట్టేనని నాకు గట్టి నమ్మకం. మెకానికల్ డిప్లొమా చేసి, ఉక్కు కర్మాగారంలో మెయింటెనెన్స్ ట్రైనీగా చేరి ఏడాది దాటింది. చొక్కా జేబులో ఒక నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్సిలు ఎప్పుడూ ఉండేవి. (ఇడ్లీ పిండి ఏ కాలంలో ఎన్ని గంటలకు పొంగుతుందో కూడా నెల రోజులు రాశాను. "పొంగినప్పుడు పొంగుతుందిరా" అని మా అమ్మ అన్న మాట 'రిమార్కులు' గడిలో ఇప్పటికీ ఉంది.)

మా సెక్షన్ అధికారిని అందరం పెద్ద సార్ అనేవాళ్లం. ఓడలో పనిచేసే ఆయన బావమరిది సింగపూర్ నుంచి ఒక రేడియో కంట్రోల్ హెలికాప్టర్ తెచ్చిచ్చాడు. రెండున్నర మూరల పొడవు, అగ్గిపెట్టెకు అన్నగారంత ఇంజిను. అది తాగేది పెట్రోలు కాదు, మెథనాల్, నైట్రోమీథేన్, కాస్త ఆముదం కలిపిన ఘాటైన ద్రావకం. సార్‌కు అది ఒక్కసారి కూడా పైకి లేవలేదు. నేను మూడు నెలలు ప్రతి ఆదివారం సార్ క్వార్టర్ వెనక ఖాళీ స్థలంలో, దాని కాళ్లకు అడ్డంగా వెదురు బద్దలు కట్టి, పడుతూ లేస్తూ మోకాలి ఎత్తు దాకా నేర్చుకున్నాను. ఇంతలో సార్‌కు బదిలీ అయింది. "ఏమయ్యా, నేను వెళ్లే ఆదివారం నాడు దీన్ని ఒక్క నిమిషం గాల్లో నిలబెట్టు. నిలబెడితే నీది. లేదంటే మధ్యాహ్నం సామాన్ల లారీ ఎక్కుతుంది" అన్నారు. సాధన చేసుకోమని పది రోజుల ముందు ఇంటికి తీసుకెళ్లనిచ్చారు. నా జీవితంలో ఉద్యోగం కోసం కూడా అంతగా కోరుకోలేదు.

గోపాలపట్నంలో మా ఇంటికి దాన్ని తెచ్చిన రోజు, స్కూటర్ వెనక సీటు మీద వినాయకుణ్ణి తెచ్చినంత భక్తిగా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు బావ. (మాకు ఏ వరసా లేదు. మా ఊళ్లో ఆ పిలుపుకు పెళ్లిళ్లతో పనిలేదు.) బావకు మోటార్లు వైండింగ్ చేసే చిన్న షాపు ఉండేది. రోజంతా రాగితీగ చుట్లు లెక్కపెట్టడమే వాడి పని.

ఇక ఇంజిను సంగతి. దాని ప్రాణమంతా ఒక సూదిలో ఉంటుంది. ఇంధనం దారికి అడ్డంగా ఉండే సన్నటి మర అది. పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు విప్పాలి. చుట్టుకు ఇరవై నాలుగు క్లిక్కులు. ఎక్కువ విప్పితే ఇంజిను పొగలో మునిగి దగ్గుతుంది, తక్కువైతే వేడెక్కి ఆగిపోతుంది. సరిగ్గా కుదిరితే వెనకాల అగరుబత్తి పొగలా ఒక్క సన్నటి తెల్ల గీత, చెవికి హాయిగా ఒకే శ్రుతి. సార్ ఇంట్లో అది కుదిరే ఉంది. మా ఇంట్లో మొదటి ఉదయమే ఇంజిను రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. ఒక్కో క్లిక్కే విప్పుతూ పోతే ముప్పై ఆరో క్లిక్కు దగ్గర చక్కగా పాడింది. రాసుకున్నాను. మర్నాడు మళ్లీ తుమ్ములు, మళ్లీ ముప్పై ఆరు. మూడో రోజూ అంతే. పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగి చూసి, "ఏటి బాబూ, పొద్దుటే ఎవులికి ఆముదం పడతన్నావు? ఈదంతా కంపు!" అనేది.

నాకు కోపం రాలేదు సరికదా, ఆనందమేసింది. ఎందుకంటే నా దగ్గర సిద్ధాంతం తయారైంది. సార్ ఇంటి దగ్గర సముద్రపు గాలి. మాకు రాత్రిపూట సింహాచలం కొండ మీంచి దిగే చల్లగాలి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, చిక్కటి గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. అందుకే రోజూ ముప్పై ఆరు! గ్రాఫు కాగితం కొని, విప్పిన క్లిక్కులన్నీ ఒకదాని మీద ఒకటి కూడి గీస్తే స్కేలు పెట్టినట్టు తిన్నటి గీత వచ్చింది. 'కొండ గాలి ప్రభావం' అని శీర్షిక పెట్టాను. ఒక్క ఆరో రోజు మాత్రం ఇంజిను ఏమీ విప్పకుండానే మొదటి తిప్పుకే పాడింది. ఆ సున్నాను కొలతలో పొరపాటుగా భావించి రబ్బరుతో చెరిపేశాను. (శాస్త్రవేత్తలు ఇలాగే చేస్తారని అనుకునేవాణ్ణి.) పెద్ద సార్‌కు గ్రాఫు చూపిస్తే, "బాగుందయ్యా, నాకు తట్టనే లేదు" అన్నారు. ఆ రోజు క్యాంటీన్లో తోటి ట్రైనీలకు పావుగంట ఉపన్యాసం కూడా ఇచ్చాను.

శనివారం సాయంత్రం కొండ గాలికి ముందే జవాబు చెప్పేశాను. మర్నాటి ముప్పై ఆరు క్లిక్కులు ముందురోజే విప్పి పెట్టాను.

ఆదివారం పొద్దున్న సబ్బవరం దగ్గర కోత కోసిన పొలంలో కలిశాం. పెద్ద సార్, నేను, బావ. నాన్నకు ఆ రోజు సెలవు కావడంతో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆయనా వచ్చాడు. నాన్న గోదావరి నుంచి వచ్చి పోర్టులో పంపుహౌస్ ఆపరేటరుగా స్థిరపడ్డ మనిషి. మాట తక్కువ. స్టార్టర్ పెట్టాను. రెండు తుమ్ములు, నిశ్శబ్దం. ఇంకోసారి. రెండు తుమ్ములు, నిశ్శబ్దం. సార్ గడియారం చూసుకుని, "లారీ పన్నెండుకు వస్తానన్నాడు" అన్నారు మెల్లగా.

"ఇక్కడ కొండ గాలి ఇంకా చిక్కగా ఉన్నట్టుంది సార్" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

బావ నా నోటుబుక్కు లాక్కున్నాడు. "ఉండు బావా. తొమ్మిది ముప్పయ్యారులు, నిన్న సాయంత్రం ఇంకోటి. పదిహేను సుట్లు. ఆ సూదికి మరలెన్ని?"

"ఆరో, ఏడో."

"ఏడు మరల సూదిని పదిహేను సుట్లు ఇప్పితే అదెక్కడుండాల? ఎగిరిపోయి సింహాచలం మెట్ల మీదుండాల! నువ్వు సదివినోడివి, నాను తీగ సుట్టుకునీవోణ్ణి. నువ్వే సెప్పు."

ఉక్రోషంతో సూది పట్టుకుని బిగించి చూశాను. కదల్లేదు. పూర్తిగా మూసి ఉంది. అందరం దానివైపే చూస్తుండగా, వెనక నుంచి నాన్న గొంతు సవరించుకున్నాడు.

"అది నేనేరా కట్టేసింది. రోజూ తెరిచి వదిలేస్తున్నావు కదా!"

ముప్పై ఏళ్ల పంపుహౌస్ అలవాటు. డ్యూటీ దిగేముందు తెరిచిన వాల్వు ప్రతిదీ మూయాలి. ఇంట్లోనూ భోజనమయ్యాక ఒక రౌండు వేసేవాడు. గ్యాసు, ట్యాంకు వాల్వు, పెరటి కుళాయి. ఆ పది రోజులుగా మెట్ల కింద పెట్టిన హెలికాప్టర్ కూడా ఆ రౌండులో చేరింది.

"మరి నాకు చెప్పొచ్చు కదా నాన్నా!"

"ఏం చెప్తాం? ట్రైనీవి, కొత్త. మా దగ్గరా కుర్రాళ్లు వాల్వులు వదిలేసి పోతుంటారు. ఎవరికీ చెప్పకుండా మనమే కట్టేస్తాం. నలుగురిలో పరువు తియ్యకూడదు కదరా" అన్నాడు, సార్ వైపు ఓరగా చూస్తూ, నా పరువు తీశానేమోనని నొచ్చుకుంటూ.

మొదట నవ్వింది సార్. తర్వాత బావ గట్టు మీద కూలబడి నవ్వాడు. నేను నోటుబుక్కు వెనక్కి తీసుకుని, మొదటి పేజీలో రాసుకున్నట్టే ఒకటిన్నర చుట్టు విప్పాను. ఇంజిను మొదటి తిప్పుకే పాడింది. తెల్లటి సన్న గీత పొలం మీద సాగింది. హెలికాప్టర్ కాస్త ఊగి, నడుము ఎత్తున నిలబడింది. నేను ఊపిరి బిగబట్టి లోపల్లోపల లెక్కపెడుతున్నాను. యాభై ఒకటి దగ్గర గాలి ఒక తోపు తోసింది, వెదురు కాళ్ల మీద దిగిపోయింది.

"ఎంతైందయ్యా? నేను గడియారం చూడ్డమే మర్చిపోయాను" అన్నారు సార్.

నేను నిజం చెప్పడానికి నోరు తెరిచాను.

"నిమిషం అయిందండి" అన్నాడు నాన్న.

ముప్పై ఏళ్లు గంట గంటకూ ప్రెషరు రీడింగులు లాగ్‌బుక్కులో ఎక్కించిన మనిషి. ఆయన ఎక్కించిన తప్పు రీడింగు నాకు తెలిసి అదొక్కటే. సార్ మా ఇద్దరి ముఖాలూ చూసి, "అయితే నీదే" అని చెయ్యి కలిపారు. ఇంజిను చల్లారాక సూదిని నేనే మూసి, నోటుబుక్కులో 'మూశాను' అని రాసి నాన్నకు చూపించాను. ఆయన పెన్సిలు అడిగి, వేలితో సూదిని ఓసారి తడిమి చూసి, షిఫ్టు అప్పగింతలో పెట్టినట్టు కింద సంతకం పెట్టాడు.

ఆ గ్రాఫు ఇప్పటికీ నా దగ్గరుంది. అంత తిన్నటి గీతను ఏ గాలీ గీయలేదని ఆ వయసులో తట్టలేదు. ఆ ఆరో రోజుకు ముందు రాత్రి నాన్న డబుల్ డ్యూటీలో పోర్టులోనే ఉండిపోయాడని మాత్రం చాలా ఏళ్లకు, అమ్మ ఏదో మాటల్లో అంటే తెలిసింది. శీర్షికను అలాగే ఉంచి, చెరిపేసిన సున్నాను మళ్లీ దాని చోట పెట్టాను. ఈసారి పెన్నుతో.