తల్గారా హాల్లో ఎనిడ్ పాస్కో ఇంటి వేలం

మా తల్గారాలో ఏం జరిగినా టీ ఏర్పాట్లు ఎనిడ్ పాస్కోవే. గొర్రెల అమ్మకం కానీ, చావు కానీ, కరువు సాయం మీటింగు కానీ, ఊరి హాలు వెనక వంటగదిలో ఏప్రన్ కట్టుకుని ఆమె ఉండాల్సిందే. తన సొంత ఇల్లు వేలానికొచ్చిన రోజు కూడా అందరికన్నా ముందొచ్చి ఓవెన్ వెలిగించింది. బడి బస్సు నడిపేది నేనే. పిల్లల్ని దింపేసి, హాలు ముందు బస్సు ఆపి లోపలికి తొంగి చూశాను. బల్ల మీద ఎక్కడ చూసినా టీతో తినే మెత్తటి రొట్టెలు, వేడి వేడి స్కోన్లే. వాటికి పూయడానికి మీగడ ఒక గిన్నెడు.

"ఏంటి మిసెస్ పాస్కో, పెళ్లేమైనా ఉందా?" అన్నాను.

"సాయంత్రం దాకా సాగుతుంది కదమ్మా! ఒక్కో ఇల్లూ పాడేసరికి ఎంతసేపు పడుతుందో. పాపం, ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకి ఆకలి మాత్రం వెయ్యదూ? అలా నిలబడే బదులు ఆ జామ్ సీసాలు ఇటు అందించరాదూ."

సీసాలు అందించాను. ఆ రోజు వేలానికొచ్చిన ఇల్లు ఒక్కటే. అది ఆమెదే. ఆ సంగతి ఆమెకి తప్ప ఊరందరికీ తెలుసు.

ఐదేళ్ల కిందట ప్రభుత్వం మా చిన్న కౌన్సిల్‌ని ఎత్తేసి, గంట దూరంలో ఉన్న డెన్హోమ్ కౌన్సిల్లో కలిపేసింది. ఊరు భగ్గుమంది. ఇదే హాల్లో మీటింగు పెట్టారు. పబ్బు నడిపే నెవ్ టార్లింగ్టన్ కుర్చీ ఎక్కి, "మన కౌన్సిల్ మనకి తిరిగొచ్చేదాకా డెన్హోమ్‌కి ఇంటిపన్ను కట్టేది లేదు!" అని అరిచాడు. అప్పటికే రెండు బీర్లు పడ్డాయి లెండి. ఊరంతా చేతులెత్తింది. ఎనిడ్ ఎత్తింది, పక్కనే ఆమె భర్త క్లెమ్ కూడా ఎత్తాడు. నేను అద్దెకుండే మనిషిని, నాకు ఓటు లేదు, వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

క్లెమ్ జీవితమంతా మా కౌన్సిల్ యంత్రంతో మట్టిరోడ్లు చదును చేస్తూ గడిపాడు. ఆ రోడ్ల యంత్రాన్ని డెన్హోమ్ వాళ్లు లారీ మీద ఎక్కించుకుపోతుంటే, టోపీ చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయాడు. ఆ చలికాలం దాటలేదు మనిషి. ఎవరేమన్నా అననీ, ఆయన్ని ఆ దిగులే తీసుకుపోయిందని నా నమ్మకం.

ఊరి పౌరుషం మాత్రం మొదటి నోటీసుతోనే చల్లారింది. ఒకరు డెన్హోమ్‌లో పంటి డాక్టరు దగ్గరికెళ్తూ దారిలో కట్టేశారు. ఇంకొకరు ఫోన్లో కట్టేశారు. అందరికన్నా ముందు కట్టినవాడు మన నెవ్వే. ఎనిడ్‌కి చెప్పే ముఖం మాత్రం ఎవరికీ లేకపోయింది. ఆమె పలకరింపుగా "నోటీసొచ్చిందా?" అంటే "ఆ, వచ్చింది" అనేవాళ్లు. తనకి పన్ను బాకీ కింద ఇంటి వేలం ఉత్తరం వస్తే, ఊరందరికీ వచ్చే ఉంటుందని ఆమె అనుకుంది. వేలం ప్రకటన పడ్డ డెన్హోమ్ పత్రికని ఆమె గడప తొక్కనివ్వదు మరి.

పదింటికి హాలు నిండింది. సిడ్నీ నుంచి కోటు వేసుకున్న మనిషి ఒకడు దిగాడు, ఇల్లు కొని సెలవులకొచ్చేవాళ్లకి అద్దెకిస్తాడట. వేలం వేసే ఆయన సుత్తి పట్టుకుని, "ఇవాళ ఒకటే ఆస్తి" అన్నాడు.

ఎనిడ్ టీ కెటిల్ పట్టుకుని వంటగదిలోంచి వచ్చింది. "ఒకటేనా? మిగతావి రేపా?"

కౌన్సిల్ నుంచి వచ్చిన అమ్మాయి అయోమయంగా చూసింది. "మిగతావేవండీ? బాకీ ఉన్నది మీరొక్కరే."

ఎనిడ్ ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ వచ్చింది. అందరూ ఎవరి బూట్లు వాళ్లు చూసుకుంటున్నారు. ఇప్పుడు అందరినీ దులిపేస్తుంది అనుకున్నాను. దులిపినా బాగుండేది.

"అయ్యో, స్కోన్లు ఎక్కువ చేసేశానే" అంది మెల్లగా.

నాకు ఏడుపు ఆగలేదు.

నెవ్ లేచాడు. "మిసెస్ పాస్కో, పాట మొదలయ్యేలోపు కడితే ఆపేస్తారు. కనుక్కున్నాను. మేమంతా తలా కొంచెం వేసుకుంటాం."

"డబ్బుకేం లోటురా? మన కౌన్సిల్ వస్తే కడదామని ఏటికేడు బ్యాంకులో వేస్తూనే ఉన్నా. మాటిచ్చానే, దాన్నేం చెయ్యను? మీటింగులో ఇచ్చిన మాట మీటింగే వెనక్కి తీసుకోవాలి."

"అయితే ఇదే మీటింగనుకోండి!"

"అనుకోవడమేంట్రా? అధ్యక్షుడేడీ? ప్రతిపాదించేదెవరు, బలపరిచేదెవరు?"

"సుత్తి ఎలాగూ ఆయన చేతిలోనే ఉంది, ఆయన్నే కానివ్వండి" అంది పెట్రోలు బంకు గ్లెనిస్, వేలం ఆయన్ని చూపిస్తూ.

"ఇదేం తమాషా? పాట మొదలెట్టండి!" అని కోటు మనిషి లేచాడు.

"కూర్చో నాయనా, కూర్చుని ఓ స్కోను తిను" అని గ్లెనిస్ అతని చేతిలో ప్లేటు పెట్టింది. కౌన్సిల్ అమ్మాయి వేలం ఆయనకేసి చూసి కాసేపు ఆగమన్నట్టు తలూపింది.

నెవ్ గొంతు సవరించుకున్నాడు. "డెన్హోమ్‌కి పన్ను కట్టకూడదన్న తీర్మానాన్ని..."

"అలా కాదు. జరిగింది జరిగినట్టు చెప్పు" అంది ఎనిడ్.

నెవ్ ఎనిడ్ వైపు తిరిగాడు. "మేమంతా మాటిచ్చి తప్పాం. తప్పనిది మిసెస్ పాస్కో ఒక్కరే. ఆమెని ఆ మాట నుంచి విడిపించాలని నా ప్రతిపాదన."

"బలపరుస్తున్నా" అంది గ్లెనిస్.

"అనుకూలమైనవాళ్లు?" అన్నాడు వేలం ఆయన. హాలంతా చేతులు లేచాయి. ఓటు లేని నేను కూడా ఎత్తేశాను, ఎవరూ అడ్డు చెప్పలేదు.

"వ్యతిరేకం?"

ఎనిడ్ కెటిల్ బల్ల మీద పెట్టింది. ఏప్రన్‌కి చెయ్యి తుడుచుకుని పైకెత్తింది.

"రెండని రాసుకోండి. ఒకటి క్లెమ్‌ది" అంది.

వేలం ఆయన రెండూ రాసుకుని, "తీర్మానం నెగ్గింది" అని సుత్తి మెల్లగా బల్లకి ఆనించాడు. ఎనిడ్ చెయ్యి దించి, చేతిసంచిలోంచి చెక్కుపుస్తకం తీసుకుని, కౌన్సిల్ అమ్మాయి ఎదురుగా కూర్చుంది.

"ఎవరికి కట్టాలో ఆ పేరు నా చేత్తో రాయను, నువ్వే రాసుకో తల్లీ" అంది. "కింద సంతకం మాత్రం నేను పెడతాను."