ఏం కొలుస్తారు?

మా ఆయన రాళ్ళు అరగదీస్తాడు. "మీవారేం చేస్తారండీ?" అని అడిగినవాళ్ళకు ఇదే చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నా సొమ్మేం పోయింది? విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం వాళ్ళ మేడ వెనక, జనరేటరు పక్కన ఆయన గది. కొండల్లోంచి తెచ్చిన రాయిని రంపంతో పలకలా కోసి, గాజుబిళ్ళకు జిగురుతో అంటించి, వెలుతురు అవతలికి కనబడేదాకా అరగదీస్తాడు. వెంట్రుక కన్నా పలచన. నాలుగు రుద్దులు ఎక్కువయ్యాయంటే రాయి పోయి ఉత్త గాజు మిగులుతుంది. పెళ్ళినాటి నుంచి ఇదే పని. ఇంత పనిమంతుడి ఇంట్లో కూరగాయల కత్తి మాత్రం ఎప్పుడూ మొండిదే. సానపట్టేవాడి దగ్గరికి నేనే పట్టుకుపోవాలి.

ఆ గదికి ఒక కట్టుబాటుంది. రాయి తెచ్చింది ప్రొఫెసరైనా, నిన్న చేరిన విద్యార్థైనా, మా ఆయన ముందు అడిగే మాట ఒక్కటే: "ఇందులో ఏం కొలుస్తారు?" ఎందుకంటే చివర్లో అద్దంలా మెరిపించడానికి రకరకాల పొడులుంటాయి. రుద్దిన పొడి రాతి పగుళ్ళలో చిక్కుకుంటుంది. కొలవాల్సిన లోహం పొడిలోనే ఉంటే, కొలిచే యంత్రం రాతి సంగతి వదిలేసి పొడి సంగతి చెబుతుంది. అందుకని అడగాలి. ఆయనకు పని నేర్పినాయన చెవి మెలిపెట్టి మరీ నేర్పాడట.

మా అమ్మాయి ఆ మేడలోనే పరిశోధన చేస్తుంది. అల్లుడూ అక్కడివాడే. మేం అతణ్ణి కొండపిచ్చోడనేవాళ్ళం, అతనూ పలికేవాడు. మా ఊరికి ఉత్తరాన ఉన్న కొండలంటే ప్రాణం. అవి ఒకప్పుడు అగ్నిపర్వతాలని అందరూ ఒప్పుకుంటారు. ఎలా పుట్టాయన్న దగ్గరే తగువు. సముద్రం నడుమ నేల విడిపోయినచోట పుట్టి ఇక్కడికి కొట్టుకొచ్చాయని పెద్ద ప్రొఫెసర్లంటారు. కాదని ఇతనొక్కడే.

"అత్తయ్యా, సముద్రం అడుగున ఉన్న భూమి పలక పక్క పలక కిందికి దూరుతుంది. తడిబట్టలాగా నీళ్ళు వెంటపెట్టుకుని దిగుతుంది. ఆ నీళ్ళు తగిలితే పైనున్న రాయి ఊరికే కరిగిపోతుంది. కరిగింది పైకి తన్నుకొచ్చి విల్లులాగా వరసగా కొండలవుతుంది. మన కొండలు అవే."

"చూసొచ్చినట్టు చెబుతున్నావే! ఎలా తెలుస్తుందయ్యా?"

"చెరుకు పిండితే రసం పోయి పిప్పి మిగులుతుందా? ఇదీ అంతే. భూమి లోపలి రాయి కరిగేకొద్దీ అల్యూమినియం రసంతో పోతుంది, క్రోమియం పిప్పిలో ఉండిపోతుంది. నీళ్ళు తగిలితేనే రాయిని పిప్పి పిప్పి అయ్యేదాకా పిండినట్టవుతుంది. అక్కణ్ణుంచి వచ్చిన రాతిలో ఆకుపచ్చ గింజలుంటాయి. గింజ కడుపులో నల్ల నలుసుంటుంది, స్పినెల్ అంటారు. ఆ నలుసులో క్రోమియం ఎక్కువుంటే నేను గెలిచినట్టు. తక్కువుంటే మీ చేత్తో నాకు గుండు గీయండి."

పైపై రాళ్ళన్నీ ఎండావానలకు కుళ్ళిపోయాయని, లోపలి తాజా రాయి కావాలని వానల్లో వెళ్ళాడు. వద్దు బాబూ అన్నాను. మా ఆయనా అన్నాడు, ఎప్పట్లాగే నోట్లో నోట్లో. వాలు జారింది. మూడోనాడు మట్టిలోంచి అతన్ని తీశారు. భుజాన సంచి అలాగే ఉంది, అందులో పిడికెడు రాయి. ఆ వాలు మొత్తం మట్టి కింద పూడిపోయింది. ఇంకో రాయి తేవాలన్నా దారి లేదు.

మా అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. అన్నం ముందు కూర్చునేది, మెతుకులు లెక్కపెట్టినట్టు కెలికి లేచిపోయేది. పిలిస్తే గోడ పలికినట్టు పలికేది. ఒకరోజు ఆ రాయిని తండ్రి బల్లమీద పెట్టింది. చుట్టిన బట్ట మీద అతని నెత్తురు ఎండి ఉంది. "నాన్నా, ఇది చెయ్యి" అని వెళ్ళిపోయింది.

ఆయన అడగలేదు. ప్రొఫెసర్లను నిలబెట్టి అడిగే మనిషి, కన్నకూతుర్ని ఆ ఒక్క మాట అడగలేకపోయాడు. ఆ బట్ట చూశాక నోరెలా పెగులుతుంది?

రాయి చాలామటుకు కుళ్ళే. ఒక కొసన మాత్రం తాజాగా ఉంది. అందులో నలుసున్న గింజ ఒకే ఒక్కటి దొరికింది. అల్లుడు పోయిన దగ్గర్నుంచీ ఆయన చేతులు వణుకుతున్నాయి. మామూలుగా వజ్రపు పేస్టుతో గంటలకొద్దీ మెరుగు పెడతాడు. ఈసారి చెయ్యి నిలవక గీతలు పడుతున్నాయి. సానపట్టేవాడు కత్తులకు రుద్దే ఆకుపచ్చ ముద్ద ఒకటిచ్చాడు. దాంతో చిటికెలో అద్దంలా వచ్చింది.

ఆ వారం అమ్మాయి మెట్లు రెండేసి ఎక్కుతూ ఇంటికొచ్చింది. "అమ్మా, ఆయన గెలిచాడు! క్రోమియం విపరీతంగా ఉంది. నలుసులో ఉన్నవన్నీ కూడితే లెక్క నూటికి వంద రావాలి, కాస్త దాటుతోంది, అది యంత్రం సర్దుబాటు, చూసుకుంటాను. సంతాపసభలో మా పెద్ద ప్రొఫెసరుగారు దీన్ని ఆయన పేరు మీద చదువుతానన్నారు." గిన్నె ముందుకు లాక్కుని రెండోసారి అన్నం వడ్డించుకుంది. నేను గుడ్లప్పగించి ఆ ముద్దలు దిగడమే చూస్తున్నాను. దేవుడా, చాలు, అనుకున్నాను. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

పెరటి మెట్ల మీద దొరికాడు. "ఆ ఆకుపచ్చ ముద్ద క్రోమియమే" అన్నాడు.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. "అయితే? నోరు మూసుకుని కూర్చో."

"నలుసు నిండా పగుళ్ళే. పొడి అంతా లోపలే ఉంది."

"ఉండనీ! ఆ కొండలు ఎలా పుడితే ఎవరికేంటయ్యా? పిల్ల ఇవాళ అన్నం తింది. ఉన్న ఒక్క పిల్లనూ నీ నిజాయితీకి బలి పెడతావా?"

"అతని పేరు మీద నా పొడి చదువుతారే" అన్నాడు. నేను నోటికొచ్చినవన్నీ తిట్టాను. ఇప్పుడడిగినా అలాగే తిడతాను.

పొద్దున్నే కూతురి ముందు నిలబడి చెప్పేశాడు. నేను తలుపు పట్టుకుని వింటున్నాను.

"నన్ను అడగలేదేం నాన్నా? అందర్నీ అడుగుతావుగా?"

మళ్ళీ అమ్మాయే, "కాస్త అరగదీసి పగుళ్ళు కడిగితే మళ్ళీ కొలవొచ్చు" అంది. "నలుసు మిగులుతుందా?"

"చెప్పలేను తల్లీ. చెయ్యి ఆగడంలేదు."

ఆ ఒక్క నలుసూ ఊడిపోతే ఇక ఎన్నటికీ ఎవరికీ ఏమీ తెలియదు. అప్పుడీ పిల్ల ఏ చూరు పట్టుకుని బతుకుతుంది? అయినా చెంగు బిగించి వాళ్ళ వెంట వెళ్ళాను. ఆయన మణికట్టును నా రెండు చేతులతో బల్లకు అదిమిపట్టాను. ఆయన వేళ్ళతోనే గాజుబిళ్ళను వజ్రపు పేస్టు మీద తిప్పాడు. నాలుగు తిప్పులకోసారి అమ్మాయి దాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి "ఉంది" అనేది. మళ్ళీ తిప్పడం, మళ్ళీ "ఉంది". తర్వాత బిళ్ళను నీళ్ళలో వణికించి కడిగే డబ్బాలో వేశారు. "నా చెయ్యి పెట్టినా సరిపోయేది" అన్నాడు మా ఆయన. ఎవరం నవ్వలేదు.

యంత్రం గది బయట బెంచీ మీద కూర్చున్నాం. లోపల పిల్ల ఒక్కతే. ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను. నిజం చెప్పమని కాదు, క్రోమియం ఇమ్మని మొక్కాను.

తలుపు తెరుచుకుంది. "నలుసు నిలిచింది నాన్నా."

"మరి?"

"క్రోమియం తక్కువ. అల్యూమినియమే ఎక్కువ. లెక్క సరిగ్గా వందకొచ్చింది. ఎన్నిచోట్ల చూసినా అదే." గోడకు ఆనుకుంది. "ఆయనది తప్పు."

"ఇంకోసారి చూడవే, యంత్రానికేం మాయరోగమో!" అన్నాను.

"లేదమ్మా." పెదవి వంకర పోయి నవ్వులాంటిది వచ్చింది. "ఈ మాట ఆయన వింటే ఏం చేసేవాడో తెలుసా? ఒక్క రాయితో ఏం తేలుతుందంటూ సంచి భుజానేసుకుని ఇంకో రాయికి బయల్దేరేవాడు."

మా ఆయన లేచాడు. జన్మలో గొంతు పెంచని మనిషి, వరండా అంతా మోగేలా అరిచాడు. "పోనిచ్చేవాణ్ణి కాదు! ఈసారి కాళ్ళ మీద పడైనా ఆపేవాణ్ణి తల్లీ, పోనిచ్చేవాణ్ణి కాదు!"

అప్పుడేడ్చింది మా అమ్మాయి. అతను పోయాక మొదటిసారి, నేలమీద కూలబడి, తండ్రి వణికే చేతుల్ని మొహానికి అదుముకుని ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు.