వక్కరంగు చామంతి

ఈ రోజు పొద్దున మా అపార్టుమెంటులో నేను ఒక పెద్దమనిషి మీద అరిచాను. మామూలుగా కాదు, మా అంతస్తులో తలుపులన్నీ తెరుచుకునేట్టు అరిచాను. ఆయన రోజూ వాకింగు నుంచి వస్తూ, చేతిలో ప్లాస్టిక్ కవరుతో, కనబడ్డ ప్రతి గుమ్మం ముందూ వంగి పూలు తెంపుకుంటాడు. నందివర్ధనాలు తెంపాడు, ఊరుకున్నాను. మందారాలు తెంపాడు, పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను. ఈ రోజు నా తలుపు పక్క కుండీలో, ఈ ఏటికి మొదటిసారి విచ్చిన వక్కరంగు చామంతిని కాడతో సహా పుటుక్కున విరిచాడు. పైగా నవ్వుతూ, "దేవుడికే కదమ్మా" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క పువ్వుకు ఇంత రభసా అని వాళ్లావిడ తర్వాత వాచ్‌మన్‌తో అన్నదట. అవును, ఒక్క పువ్వుకే. కాకపోతే ఆ కోపం ఇప్పటిది కాదు, నా చిన్నప్పటిది.

వరంగల్‌లో మాది మిర్చి అడ్తి ఇల్లు, రైతుల మిర్చిని కమీషన్ మీద అమ్మిపెట్టేవాళ్లం. కింద దుకాణం, పైన మేము, ఆ పైన డాబా. ఎండాకాలం వస్తే డాబా మీద సగానికి మిరపకాయలే. మెట్లెక్కితే తుమ్ములు, దిగితే కళ్లమంట. అందుకే మా ఇంట్లో ఎవరైనా కళ్లు తుడుచుకుంటుంటే ఎందుకని అడిగే అలవాటు ఎవరికీ లేదు, మిర్చి ఘాటు అనుకునేవాళ్లు. ఇది మా మేనత్తకు బాగా కలిసొచ్చింది. ఆమె బాపుకు అక్క. పెళ్లయిన కొద్దికాలానికే మామయ్య పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు అత్తగారింటి పెరట్లోంచి ఒక చామంతి పిలకను తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చుకుంది. ఎండిన వక్క రంగు పువ్వు, రేకుల వెనక మాత్రం పసుపు. ఆ పెరడు మామయ్య వేసిందని నాకు ఒకేసారి చెప్పింది, మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఒక్క పిలక నుంచి డాబా తూర్పు పిట్టగోడ పొడవునా చామంతులు లేచాయి. ఈలోగా ఎక్కడెక్కడివో పసుపువి, తెల్లవి కూడా వచ్చి చేరాయి. మట్టి కుండీలు కొనిపెట్టే వాళ్లెవరు? డాల్డా డబ్బాలు, మూతి పగిలిన కుండలు, అడుగు చిల్లిపడిన బకెట్లు, అవే కుండీలు. చామంతి చూడటానికి మొండిదిగా ఉంటుంది గాని మహా సుకుమారి. వరంగల్ మే ఎండకు నిలవదు, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. పూత అయిపోగానే అత్త కాండాలు మొదలంటా కోసి, కుండీలను మెట్లగది నీడలోకి చేర్చి, మిర్చి గోనెసంచులు తడిపి చుట్టూ కప్పి ఆ ఎండాకాలమంతా పిలకలకు ప్రాణం నిలబెట్టేది. తొలకరికి విడదీసి కొత్తమట్టిలో పెట్టేది. జానెడు ఎదిగాయో లేదో, కొసలు గోటితో తుంచేది. తుంచిన చోట రెండు కొమ్మలు వేస్తుంది, వాటినీ తుంచాలి. శ్రావణం వెళ్లాక తుంచడం ఆపేస్తే బతుకమ్మ నాటికి డాబా వెలిగిపోయేది. "గోరు ఆపితెనే మొగ్గ కడ్తది బిడ్డా," అనేది నాతో.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు, డెబ్భైల చివర, బతుకమ్మ రోజుల్లో ఒకటే వాన. బజారుకు వచ్చిన పూలన్నీ కుళ్లినవే. తంగేడు, గునుగు ఎలాగో దొరికాయి గాని పైన పేర్చడానికి మంచి పువ్వు లేదు. ఎదురింటి బట్టల దుకాణం వాళ్ల బతుకమ్మ కిందటేడు మాదానికంటే ఎత్తుగా ఉందని మా నాయనమ్మ ఏడాదంతా కుమిలింది. ఇక సద్దుల రోజు, అంటే బతుకమ్మ ఆఖరి రోజు, పొద్దున్నే బుట్ట పట్టుకుని డాబా ఎక్కింది, వెనక మా అమ్మ, చిన్నమ్మ. అత్త అప్పుడు వెనక వసారాలో నైవేద్యానికి నువ్వులు దంచుతున్నది. ముత్తైదువలు బతుకమ్మ పేర్చే చోటికి ఆమె రాకూడదు. ఆమె దంచిన నువ్వులు మాత్రం రావచ్చు, ఆమె పెంచిన పూలు రావచ్చు. ఇది ఏ శాస్త్రమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడు అర్థం చేసుకునే ఓపికా లేదు.

తొందరలో కత్తెర మరిచిపోయారు. చేతులతో గుంజారు. చామంతి వేరు పైపైనే ఉంటుంది, పట్టి లాగితే మొక్కంతా వస్తుంది. సాయంత్రం మా బతుకమ్మ నాయనమ్మ నెత్తిన ఎక్కి వీధిలోకి వెళ్లాక, అత్త నీళ్ల చెంబుతో డాబా ఎక్కింది. నాకు జ్వరంగా ఉండి ఇంట్లోనే ఉన్నాను, వెనకే వెళ్లాను. కుండీలన్నీ బోడిగా ఉన్నాయి, నేలంతా వేళ్లు. అత్త చెంబు కింద పెట్టి, ఒక్కొక్క వేరు ఎత్తి చూస్తూ వక్కరంగు మొక్క కోసం వెతికింది. ఏడవలేదు. "అడిగితె నేనే కోసిద్దును గదనే. గిట్ల వేర్లతోని గుంజుకపోతరా?" అని మాత్రం అన్నది. చీకటి పడుతుండగా ఒక డాల్డా డబ్బా అడుగున, మట్టిలో విరిగిన పిలక ఒకటి కనబడింది. చిటికెన వేలంత కూడా లేదు. దాన్ని కొంగు తడిపి చుట్టింది. రాత్రి తిరిగొచ్చిన నాయనమ్మ, మన బతుకమ్మే ఎత్తయిందని మురిసిపోతూ అందరికీ సద్దులు పంచింది. ఆ సద్దుల్లో నా వంతు పెరుగన్నాన్ని ఆకులోనే వదిలేశాను. మా అమ్మ మీద కూడా నాకు ఆ రోజు వచ్చిన కోపం పూర్తిగా పోలేదు, దాచుకోవడమెందుకు.

పిలక బతికింది. మరుసటి ఏడు తొలకరికి అత్త మళ్లీ కుండీలు నింపింది, అక్కడా ఇక్కడా అడిగి పసుపువి, తెల్లవి తెచ్చింది. శ్రావణం వెళ్లింది. అత్త గోరు ఆగలేదు. భాద్రపదం వచ్చినా రోజూ డాబా ఎక్కి కొసలు తుంచుతూనే ఉంది. "ఇంక ఇడిసిపెట్టవా అత్తా, పండుగ దగ్గరికొచ్చింది," అంటే, "గుబురు కానీయి బిడ్డా," అన్నది, నా వైపు చూడకుండా. సద్దుల రోజు పొద్దున నాయనమ్మ బుట్టతో డాబా ఎక్కింది. పిట్టగోడ పొడవునా పచ్చటి ఆకు, ఒక్క పువ్వు లేదు.

"గిదేందే, ఈయేడు పువ్వే పుయ్యకపాయె?"

"ఏమోనే అవ్వా," అన్నది అత్త, ఖాళీ బుట్టతో కిందికి దిగొచ్చిన తల్లితో. వసారాలో ఆమె రోకలి పోటు ఆ రోజు మహా హుషారుగా వినబడింది.

దీపావళి వెళ్లి చలి ముదిరాక, డాబా ఒక్కసారి విరగబూసింది. పసుపు, తెలుపు, నడుమ వక్కరంగు. కార్తీకమాసమని, శివుడికని నాయనమ్మ మళ్లీ బుట్ట తీసింది. అత్త మెట్ల తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె అలా ఎవరికైనా ఎదురు నిలవడం నేను అంతకుముందు చూడలేదు.

"దేవునికి గూడ లేదంటవానే?" అన్నది నాయనమ్మ.

"దేవుడు మెట్లెక్కొచ్చి అడిగితె ఇస్త. నువ్వు అడిగితె ఇయ్య."

ఇల్లంతా అట్టుడికిపోయింది. బాపు భోజనం మానేశాడు. నెలరోజులు నాయనమ్మ ఆమెతో మాట్లాడలేదు, అది అత్తకు శిక్ష అనుకుంది పాపం. పూలు చెట్ల మీదే పూసి, చెట్ల మీదే వాడి, రేకులు రాలేదాకా ఉన్నాయి. ఎవరూ కొయ్యలేదు. అత్త కూడా కొయ్యలేదు. మధ్యాహ్నాలు ఆ కుండీల పక్కన గోనెసంచి పరుచుకుని ఊరికే కూచునేది. కానీ నన్ను ఇప్పటికీ మండించేది వేరే ఉంది. అంత ఎదిరించిన మనిషి మరుసటి సద్దులకు కూడా వసారాలోనే కూచుని నువ్వులు దంచింది. ముందుకు రమ్మని ఒక్కరూ అనలేదు. ఆ తర్వాత కూడా, ఆమె పోయేదాకా, ఎవ్వరూ అనలేదు.

ఎనభైల్లో నా పెళ్లయి అత్తగారింటికి బయల్దేరేటప్పుడు, మేనత్త నా చేతిలో తడిగుడ్డ మూట ఒకటి పెట్టింది. విప్పి చూడక్కర్లేకపోయింది. ఇన్ని అద్దె ఇళ్లు, ఇన్ని బాల్కనీలు దాటి, పిలక నుంచి పిలకగా అది ఇక్కడిదాకా వచ్చింది. ఆ పెద్దమనిషి విరిచింది దాన్ని. రేపు పొద్దున ఆయన మళ్లీ వస్తాడు, రాకుండా ఉండడు. ఈసారి అరవను. దేవుణ్ణే లిఫ్టెక్కి రమ్మనండి, అడిగితే ఇస్తానంటాను. అత్త ఉంటే నవ్వేది. తన గోటితో చామంతుల కాలాన్ని పండుగ దాటించగలిగింది గాని, మా ఇంటి కాలాన్ని ఆ ఒక్క వసారా గుమ్మం దాటించడానికి ఆమెకు బతుకంతా చాలలేదు.