రెండో సంతకం

మమ్మల్ని కిరాయి మంద అని మొదట అన్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజే వాడి చొక్కా పట్టుకునేదాన్ని. మందమర్రిలో మేం డిగ్రీ చదువుతున్న కాలేజీలో సైన్సు గ్రూపులు ఎత్తేస్తామని, కావాలనుకున్నవాళ్ళు కరీంనగర్ పోయి చదువుకోవాలని అన్నారు. చెప్పినంత తేలికా? పొద్దున పోయి రాత్రికి తిరిగి రమ్మంటే ఎన్ని ఇళ్ళలో ఆడపిల్లల చదువు మాన్పిస్తారో మాకు తెలుసు. అందుకే మార్కెట్ దగ్గర ధర్నాకు కూర్చున్నాం. ఒక పార్టీవాళ్ళు టెంటు వేయిస్తామన్నారు. ఇంకో పార్టీవాళ్ళు బిర్యానీ పంపిస్తామన్నారు. మీకో దండం, రెండూ వద్దన్నాం. ఇళ్ళనుంచి పాత దుప్పట్లు తెచ్చి ఒకదానికొకటి కుట్టి పందిరి వేసుకున్నాం. ఎవరి టిఫిన్ డబ్బా వాళ్ళు తెచ్చుకున్నాం. ఆ దుప్పట్ల కింద ఎండకు ఉడికిపోయాం గాని, అప్పటి మా పొగరు చూడాల్సింది!

అయినా మూడో రోజుకే ఊళ్ళో మాట పుట్టింది. ‘గీ పోరగాండ్లను ఎవలో పైసలిచ్చి కూసోబెట్టిండ్రు’ అని. నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఒక పెద్ద నోట్‌బుక్ కొని, మొదటి పేజీలో లావు అక్షరాలతో రాశాను: ‘ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా, నా ఇష్టంతో వచ్చాను.’ రోజూ వచ్చినవాళ్ళు తారీఖు కింద పేరు రాసి సంతకం పెట్టాలి. దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ ఆ పుస్తకం చూపించేదాన్ని.

నాకప్పుడు ఒక దోస్తు ఉండేది. వాళ్ళ బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు, అవ్వ ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. శ్రీరాంపూర్ నుంచి రావాలి కాబట్టి రోజూ దాని మొదటి క్లాసు తప్పేది. మూడేళ్ళూ దాని హాజరు నేనే వేశాను. సారు పేరు పిలిస్తే గొంతు మార్చి ‘ప్రెజెంట్ సార్’ అనేదాన్ని. ల్యాబ్ రిజిస్టరులో సంతకం కూడా నేనే పెట్టేదాన్ని, చివర అది లాగే తోకతో సహా. ‘నా కంటె నువ్వే మంచిగ పెడ్తవే’ అని పడీపడీ నవ్వేది. మా క్లాసులో అందరం అందరికీ చేసేదే అది. తప్పు అన్న ఊహ కూడా మాకు లేదు.

ధర్నాకు అది అయిదు రోజులు వచ్చింది. ఆరో రోజు రాస్తారోకో పెట్టుకున్నాం. ఆ రోజు రాలేదు. బస్సు దొరకలేదు కాబోలు అనుకున్నాను. పుస్తకంలో నా సంతకం పెట్టాను. ఆ ఊపులోనే కింద దానిదీ పెట్టేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఒట్టు.

ఆ మధ్యాహ్నం ఎవడో రాయి విసిరాడు, బస్సు అద్దం పగిలింది. పోలీసులు వచ్చారు. ఇంకేం వెతకాల్సిన పని లేదు వాళ్ళకు. ఎవరెవరు ఉన్నారో పేర్లు, సంతకాలతో సహా మేమే రాసి పెట్టుకున్నాం కదా! పుస్తకం పట్టుకుపోయారు. ఇద్దరు ముగ్గురిని పిలిచి గద్దించి వదిలేశారు. తర్వాత గ్రూపులు ఎత్తేయడం ఆగింది. కేసు కూడా కొట్టేయిస్తామని పెద్దమనుషులు చెప్పారు. గెలిచిన సంబరంలో ఉన్నాం, ఎవరమూ స్టేషనుకు పోయి అడగలేదు.

ఏళ్ళు గడిచాయి. నేను ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. దోస్తు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయింది. ఎండలో నడక పరీక్ష కూడా గెలిచింది. ఇక చేరడమే తరువాయి అనుకుంటుండగా ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

‘ఏమే, నా మీద కేసున్నదంటనే!’

‘ఏం కేసే?’

‘రాస్తారోకోల బస్సు అద్దాలు పలగ్గొట్టిన్నంట. నేను గారోజు ఇంట్లనే ఉన్ననే! ఫారంల కేసులు లేవని రాసిన. ఇప్పుడేమో అబద్ధం రాసినవని నౌకరి ఆపిండ్రు.’

ఆ రోజు పుస్తకంలో దాని బదులు నేను పెట్టిన సంతకం గుర్తొచ్చింది. మరి నోరు తెరిచి ఏమన్నానో తెలుసా? ‘ఎవలో తప్పు రాసిండ్రే. నువ్వు ఫికర్ జెయ్యకు, నేను నీ ఎంబడి వస్త’ అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

ఇద్దరం ఆదిలాబాద్‌లోని ఫారెస్ట్ ఆఫీసుకని బస్సెక్కాం. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే ఇచ్చోడ దాకా వచ్చాను. అక్కడ డ్రైవర్ చాయ్ తాగడానికి దిగాడు. అది సంచిలోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది. పోలీసుల దగ్గరున్న మా పుస్తకంలోని పేజీ.

‘సూడే, నా సంతకం ఎంత మంచిగ దించిండో దొంగసచ్చినోడు! దొరకాలె, వాని సంగతి జెప్త.’

పైన నాది, కింద దానిది. అక్షరం వాలు ఒకటే. దానికి ఎట్లా కనబడలేదో! నన్ను అనుమానించాలన్న ఊహే దానికి రాలేదు.

‘నేనే పెట్టిన’ అన్నాను.

‘నీ పరాచకాలు నువ్వూ’ అని నవ్వబోయింది. నా మొహం చూసి ఆగిపోయింది.

‘నీకు బస్సు దొరకలేదనుకున్ననే. పేరు లేకపోతే బాధపడ్తవని…’

అది నా ఒళ్ళోంచి కాగితం తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకుంది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

‘బస్సు దొరికింది,’ అంది మెల్లగా. ‘రావద్దనుకునే రాలే. రోడ్డు ఆపితే దవాఖానకు పోయేటోళ్ళు ఆగిపోతరు, నాకు మనసొప్పలే. నీకు జెప్తే కొట్లాడుతవని జెప్పలే.’

కేసు సంగతి విన్నప్పటికంటే ఆ మాటకు నేను ఎక్కువ బిత్తరపోయాను. రాకపోవడం కూడా దాని ఇష్టమే అయి ఉండొచ్చని ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు! ఇష్టంతో వచ్చానని ఊరందరి చేతా రాయించినదాన్ని, పక్కన కూర్చున్నదాన్ని మాత్రం అడగలేదు. ఛీ, ఏం మనిషిని అనిపించింది.

ఆఫీసులో నేనే ముందు లోపలికి పోయి చెప్పాను. అక్కడి అధికారి నమ్మలేదు. ఒక తెల్లకాగితం ఇచ్చి, దాని సంతకం పదిసార్లు పెట్టమన్నాడు. దాని ముందే పెట్టాను. తోకతో సహా పదికి పది సరిగ్గా వచ్చాయి. అతను కాగితాన్ని జిరాక్స్ పక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు.

‘దొంగ సంతకం పెట్టిన్నని రాసిస్తె నీ మీద కేసైతదమ్మా. తెలుసా?’

‘తెలుసు సార్.’

అది వద్దంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. నిజం చెప్పాలి కదా, ఆశపడ్డాను. అది తల వంచుకుని కూర్చుంది. రాసిచ్చి వచ్చాను.

కొన్ని నెలలకు దానికి ఉద్యోగం ఇచ్చారు. ఉట్నూరు దిక్కు అడవిలో పోస్టింగ్ అని వాళ్ళ అవ్వ చెప్పింది. దొంగ సంతకానికి నా మీద కేసు పడిందని తెలిసి మా బడివాళ్ళు నన్ను మానేయమన్నారు. ఇప్పుడు ఇంట్లోనే ట్యూషన్లు చెప్తున్నాను. నేను ఫోన్ చేస్తే అది ఎత్తదు.

మొన్న వాయిదాకు కోర్టుకు పోతే సాక్షిగా వచ్చింది. ఖాకీ బట్టల్లో ఎంత బాగుందో! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బోనులో నిలబడ్డాక వకీలు నన్ను చూపించి, ‘ఈమె మీకేమవుతుంది?’ అని అడిగాడు.

దోస్తు అంటుందని ఎదురుచూశాను.

‘ఏం కాదు సార్,’ అంది. ‘కాలేజీల తోటి చదివింది.’